కొమురక్క బిందె మీద సొట్ట

మొన్న బుధవారం పొద్దున స్వరూప భూపాలపల్లిలోని మా ఇంటికి వచ్చింది. రేగొండ దాటాక లోపలికి ఉండే ఒక పల్లెలో, నేను అక్కా అని పిలుచుకున్న కొమురక్కకు ఒక్కగానొక్క బిడ్డ ఆమె. కొమురక్క పోయిన రోజు నేను కంటి ఆపరేషన్ చేయించుకుని కదలకుండా పడుకుని ఉన్నాను, ఆఖరి చూపు దక్కలేదు. ఆ మాటే చెప్పి నొచ్చుకుంటే, "దానికేముంది మామా, ఆదివారం దినాలు, గప్పుడన్న రా" అంది స్వరూప. ఇచ్చిన మంచినీళ్లు తాగకుండా గ్లాసు చేతిలోనే పట్టుకుని, వచ్చిన పని చెప్పింది. "పిల్లలందరొస్తున్నరు. అవ్వను నువ్వు కాపాడిన ముచ్చట నీ నోటితోని చెప్పాలె. నేను చెప్తే నవ్వుతున్నరు, నమ్ముత లేరు." నేను తల ఊపాను. ఆ ముచ్చట విషయంలో నలభై ఏళ్లుగా నేను చేస్తున్న పని అదే, తల ఊపడం.

వాళ్లింట్లో చెప్పుకునే కథ ఇట్లా ఉంటుంది. జనగామలో మోటర్లు బాగుచేసే మల్లేశానికి, అంటే నాకు, ఒకనాడు కలలో కొమురక్క మోటరు కూత పెట్టి పిలిచింది. మల్లేశం లేచినవాడు లేచినట్టే బయలుదేరి, బస్సు దొరకక రేగొండ నుంచి ఒకే ఉరుకు ఉరికి, బావి గద్దె మీద కరెంటు పట్టిన మోటరును ముట్టబోతున్న కొమురక్కను గాల్లోకి ఎగిరి పక్కకు నెట్టాడు. ఇందులో కల నేను చేర్చిందే. గాల్లోకి ఎగరడం మాత్రం స్వరూప పెద్దకొడుకు చేర్చాడు. వాడు అప్పటికి తల్లి కడుపులో ఉన్నాడు, ఇప్పుడు వాడికీ చెంపలు నెరిశాయి. అట్లా కాదురా అని నేను ఏనాడూ అనలేదు. అది వింటున్నప్పుడు నిజంగానే ఎగిరానేమో అనిపించేది.

స్వరూప వెళ్లిపోయాక బీరువా అడుగున ఉన్న రేకు డబ్బా తీశాను. అందులో నూనెగుడ్డలో చుట్టిన బేరింగు ఒకటి ఉంది. మోటరు షాఫ్టు తిరగడానికి రెండు కొసలా రెండు బేరింగులు ఉంటాయి కదా, వాటిలో ఒకటి. లోపలి చుట్టులో వేలు పెట్టి బయటి చుట్టును తిప్పితే ఇప్పటికీ మెత్తగా, సప్పుడు లేకుండా తిరుగుతుంది.  కొమురక్క మోటరులోంచి చెడిపోయిందని చెప్పి నేను పీకిన బేరింగు ఇది. నిజానికి ఇది చెడిపోలేదు.

జనగామలో మా ఉస్తాద్ ఇంటి ముందుగదే మా దుకాణం. లోపల ఆయన భార్య పచ్చిపులుసులో ఉల్లిగడ్డ పిసుకుతుంటే ఆ వాసనా, ముందుగదిలో మాడిన రాగితీగల వైండింగు వాసనా, ఎండకు పెట్టిన వార్నీషు వాసనా కలిసి గడపలో ఒకదాన్నొకటి తోసుకునేవి. పాత బేరింగులను గ్యాసునూనెలో, అంటే కిరోసిన్‌లో నానబెట్టి, పండ్లు తోముకుని అరిగిన బ్రష్షుతో రుద్ది, వార్తాపత్రిక మీద వరసగా ఆరబెట్టడంతో మాకు పొద్దు మొదలయ్యేది. ఉస్తాద్ చాయ్‌ని సాసర్లో పోసుకుని ఊదుకుంటూ ఆ వరస చుట్టూ ఒక చుట్టు తిరిగేవాడు. బేరింగును నేల మీద పెడితే ఆయనకు అన్నం మెతుకు తొక్కినంత కోపం. నూనె చేతులు ఎప్పుడూ తలకే తుడుచుకునేవాడు. అందుకే అంత వయసులోనూ ఆయన జుట్టు నల్లగా ఉందని ఆయన నమ్మకం. కొత్త బేరింగు షాఫ్టు మీదికి దించేటప్పుడు సుత్తి నేరుగా తగలనిచ్చేవాడు కాదు. లోపలి చుట్టుకు సరిపోయే పైపుముక్క ఆనించి, దాని మీద చిన్నగా కొట్టేవాడు. "బయటి చుట్టు మీద కొట్టినవనుకో, లోపల గుండ్లకు దెబ్బ తాకుతది. కొత్తది పెట్టిన రోజే పాతదైతది" అనేవాడు.

ఆ దుకాణానికి రెండు కట్టుబాట్లు ఉండేవి. కూత పెడుతున్న మోటరు వస్తే వెంటనే విప్పకూడదు. ముందు దాన్ని తిప్పి వినాలి. కర్ర పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవరు కొసను మోటరు ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి ఆనించి, పిడిని చెవికి అదుముకుని వినాలి. ముందు ఉస్తాద్ వినేవాడు, తర్వాత నేను. ఆ తర్వాత ఒకరి రాత ఒకరికి కనపడకుండా, ఏ పక్క బేరింగు పోయిందో చెరోవైపు సుద్దముక్కతో మోటరు మీద రాయాలి. ఇది మొదటి కట్టుబాటు. రెండోది, పీకిన పాత బేరింగు ఉస్తాద్ అరచేతిలో పడేదాకా ఆ పని అయినట్టు కాదు. ఊరవతల చేసి వచ్చినా సరే, దాన్ని జేబులో వేసుకుని తెచ్చి చూపించాలి. ఆయన దాన్ని చిటికెన వేలికి తొడిగి తిప్పి, కళ్లు మూసుకుని, ఊ అనేవాడు. ఆ ఊ మాకు కూలికన్నా ముఖ్యం.

చెప్పుకోకూడదు గానీ, జనగామలో నా చెవికి చాలా పేరుండేది. మూడేళ్లలో నా సుద్దరాత రెండుసార్లే తప్పింది. మల్లేశం మోటరును చూడనక్కర లేదు, పక్కవీధిలో నిలబడి వింటే చాలు అనేవాళ్లు. ఆ మాట పుట్టించింది ఎవరని అడిగితే నేనే అని ఒప్పుకోవాలి. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ మూడేళ్లలో నా చెవికి ఒక్క మోటరు కూడా ఏమీ చెప్పలేదు. పిడి చెవికి అదిమితే గుంయ్ మని ఒకటే మోత, ముందు ఆనించినా అదే, వెనక ఆనించినా అదే. నేను చదివింది ఉస్తాద్ కనుబొమ్మను. చెడిన పక్క స్క్రూడ్రైవరు ఆనగానే ఆయన ఎడమ కనుబొమ్మ కొంచెం లేచేది. నేను అది చూసుకుని, నా వంతు రాగానే కళ్లు మూసుకుని, తల పంకించి, అదే పక్క రాసేవాణ్ని. తప్పిన రెండుసార్లూ ఆయన కనుబొమ్మ మీద ఈగ వాలింది.

ఒక ఎండాకాలం పొద్దున కొమురక్క దుకాణానికి వచ్చింది. వాళ్లింటి బావి మోటరు ఉస్తాదే బిగించాడు, ఆయనను అన్నా అని పిలిచే మనిషి. చంకలో సద్ది మూట, కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము.

"అన్న లేడా?"

"మానుకోట పోయిండక్కా. చెల్లె బిడ్డ పెండ్లి. వచ్చేసరికి నాలుగు రోజులైతది" అన్నాను. మహబూబాబాద్‌ను మేము మానుకోట అనే అంటాం.

"నాలుగు రోజులా. మోటరు మేకపిల్లను కోస్తున్నట్టు కూస్తున్నది తమ్మీ. బిడ్డ పురుటికొచ్చింది, ఎనిమిది నెలలు నిండినయ్. ఆ కూతకు ఉలిక్కిపడి లేస్తున్నది. ఊర్ల చేతిపంపు గుడ చెడిపోయె, నాలుగిండ్లోళ్లు మా బావి మీదనే ఉన్నరు."

"ఉస్తాద్ వచ్చేదాంక జర ఆగరాదు."

"నేనాగుత, నీళ్లు తాగెటోళ్లు ఆగుతరా?" అని నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది. "నీకు రాదా ఏంది మరి? ఊకె సుద్దముక్క పట్టుకొని కూసునుడేనా?"

అక్కడ తగిలింది నాకు. "రాకపోవుడేందక్కా. నేను ఒక్కసారి ఇంటె చాలు, ఏ పక్కదో చెప్త" అన్నాను. డబ్బాలో ఆ నంబరు బేరింగు కొత్తది ఒక్కటే ఉంది. దాన్నీ, బేరింగు పీకే పుల్లర్‌నూ, స్క్రూడ్రైవరునూ సంచిలో వేసుకుని ఆమె వెంట బస్సెక్కాను. దారి పొడుగునా నా చెవి గొప్పలు చెప్పాను. ఆమె రెండుసార్లు ఆవలించింది.

వాళ్ల బావి ఇంటి వెనక వాకిట్లో ఉండేది. చుట్టూ రాతి గద్దె, దాని మీద ఎప్పుడూ తడి, మూలల్లో పాచి. రేకు కింద మోటరు. ఆ మోటరును నడపడానికి ఒక పద్ధతి ఉండేది. స్విచ్చి వేసి, అది తిరుగుతుండగానే పంపు నోట్లో బిందెతో నీళ్లు పోయాలి. పోస్తున్నప్పుడు ఒక చెయ్యి మోటరు వీపు మీద ఆనించుకోవాలి, లేకుంటే పాచి మీద కాలు జారుతుంది. నీళ్లు అందుకోగానే మూత బిగించాలి. రోజుకు రెండుమూడు సార్లు, వట్టికాళ్లతో, తడిరాళ్ల మీద. మోటరు నుంచి భూమిలోకి ఎర్తు తీగ లేదు. నేను చూశాను, చూసి ఊరుకున్నాను.

మోటరు వేయించి విన్నాను. ముందు గుంయ్, వెనక గుంయ్. అలవాటు కొద్దీ తలెత్తి చూశాను, ఎదురుగా కనుబొమ్మ లేదు. కొమురక్క ఉంది, బిందెలతో వచ్చిన నలుగురు ఆడవాళ్లున్నారు, గుమ్మంలో నిండు చూలాలు స్వరూప గోడకు ఆనుకుని నిలబడి ఉంది. అందరూ నా మొహమే చూస్తున్నారు. సుద్దముక్క తీసి వెనక పక్క గుర్తు పెట్టాను. ఎందుకు వెనక అంటే, ఇన్నేళ్లకు చెప్పగలను. వెనక బేరింగు తీయడం తేలిక. ఫ్యాను రేకు విప్పితే అందుతుంది. ముందు బేరింగు కావాలంటే నీళ్లను తోసే రెక్కల చక్రాన్ని పీకాలి. అది తుప్పుతో షాఫ్టుకు కరుచుకుని ఉంటుంది, బీడు ఇనుము, జోరుగా కొడితే పగులుతుంది. నా చేతులకు ఏది కావాలో నా చెవికి అదే వినిపించింది.

వెనక బేరింగు పీకి వేలికి తొడిగి తిప్పాను. మెత్తగా తిరిగింది. అప్పుడే తెలిసిపోయింది. షాఫ్టు పట్టుకుని తిప్పితే ముందువైపు నుంచి చేతికి ఇసుక నలిగినట్టు గరగర. ఆ చక్రం మీద గ్యాసునూనె పోసి రెండు దెబ్బలు వేసి చూశాను, కదలలేదు. మూడో దెబ్బ వేయడానికి భయం వేసింది. ఇంతలో వెనక నుంచి "దొరికిందా తమ్మీ దొంగ?" అని కొమురక్క గొంతు. "దొరికిందక్కా" అన్నాను. కొత్త బేరింగు వెనక పెట్టాను. ముందువైపు గ్రీజు పెట్టే రంధ్రంలోంచి పట్టినంత గ్రీజు కుక్కాను. మోటరు వేస్తే కూత లేదు. నలుగురు ఆడవాళ్లూ నవ్వారు. స్వరూప హమ్మయ్య అనుకుంటూ లోపలికి పోయింది. ఆ రాత్రి నాకు కోడికూర పెట్టారు. కాలిముక్క నాకే వేశారు. తిన్నాను.

జనగామ వచ్చాక రెండో కట్టుబాటు గుర్తొచ్చింది. పీకిన బేరింగు ఉస్తాద్ చేతిలో పెట్టాలి, నా జేబులో ఉన్నది మంచి బేరింగు. ఆయన వేలికి తొడిగిన మరుక్షణం దొరికిపోతాను. తుక్కు డబ్బాలో వెతికి, అదే నంబరుది, బాగా అరిగి గుండ్లు కదులుతున్నది ఒకటి తీసి పెట్టుకున్నాను. కొమురక్క మోటరు బాగుచేసిన మూడోనాడు పగటిపూట ఉస్తాద్ మానుకోట నుంచి వచ్చాడు. పెండ్లిలో ఎవరెవరు అలిగారో చెబుతూ భోంచేసి, చెయ్యి చాపాడు. ఆ తుక్కు బేరింగు పెట్టాను.

చిటికెన వేలికి తొడిగి తిప్పాడు, కళ్లు మూసుకున్నాడు. "ఇది మొత్తమే పొయింది" అన్నాడు. "మంచిదైంది, టైముకు పోయినవ్. గిట్లాంటిదానికి కొందరు దొంగలు ఏం చేస్తరో ఎర్కెనా? గ్రీజు నింపి సప్పుడు ఆపుతరు. రెండు మూడు రోజులు పిల్లి లెక్క ఉంటది. ఆనక లోపల గుండ్లు చెదిరిపోతయ్, షాఫ్టు కుంగుతది, నడుమ తిరిగే రోటరు పోయి వైండింగును రాస్తది. తీగెల మీది కాయితం చినిగి రాగి బయటపడి మోటరు డొక్కుకు తాకిందనుకో, మోటరంత కరెంటే. కొమురవ్వ వట్టికాళ్లతోని దాని మీద చెయ్యేసి నీళ్లు పోస్తది." బేరింగు తీసి నాకిచ్చాడు. "ఎర్తు తీగ చూసినవా?"

"చూసిన ఉస్తాద్" అన్నాను. అబద్ధం కాదు, లేదని చూశాను.

ఇక్కడ నేను మామూలుగా చెప్పేది ఏమిటంటే, ఆ మాట వినగానే చెప్పులు కూడా తొడుక్కోకుండా బస్టాండుకు ఉరికానని. ఉరకలేదు. ఆ మధ్యాహ్నం నేను మ్యాట్నీకి పోయాను. చీకట్లో కూర్చుంటే ఎవరికీ నా మొహం కనపడదని పోయాను. తెర మీద ఎవరో పాడుతున్నారు, ఎవరో కొట్టుకుంటున్నారు, నాకు మాత్రం తడిరాయి మీద ఆనిన పాదం కనిపిస్తోంది. ఉస్తాద్‌కు చెబితే దుకాణంలోంచి వెళ్లగొడతాడు, జనగామంతా నవ్వుతుంది. చెప్పకపోతే ఏమీ కాకపోవచ్చు కూడా. ఆ కూడా అనే మాటను పట్టుకుని పొద్దుగూకేదాకా వేలాడాను. అప్పుడు బస్టాండుకు పోయాను. మొదటి బస్సు ఎప్పుడో కనుక్కున్నాను.

మర్నాడు తెల్లారుతుండగా, పనిముట్లూ వార్నీషు డబ్బా ఉన్న సంచి పట్టుకుని బస్సెక్కాను. ఘనపురం దగ్గర, చిల్పూరు గుట్ట ఉన్న దిక్కుకు తిరిగి, ఏమీ కాకుండా ఉంటే నూట ఎనిమిది కొబ్బరికాయలు కొడతానని బుగులు వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను. జేబులో ఉన్న పాతది మళ్లీ పెట్టడానికి మనసొప్పక, హన్మకొండలో దుకాణం తెరిచేదాకా నిలబడి, అదే నంబరు బేరింగు కొత్తది ఒకటి కొన్నాను. అది కొనడానికి పట్టిన సేపట్లో పరకాల బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సుకు ఎంతసేపు నిలబడ్డానో ఇప్పుడు చెబితే పెంచి చెబుతాను, అందుకని చెప్పను. కరెంటు వచ్చే వేళ అయింది, కొమురక్క స్విచ్చి వేసే వేళ అయింది అని మాత్రం అనుకుంటూనే ఉన్నాను.

రేగొండలో దిగి, కోళ్లగంప మోసుకుపోతున్న ఒకాయన అదే ఊరివాడని తెలిసి పక్కన నడిచాను. "ఎవలింటికి?" అన్నాడు.

"కొమురక్క ఇంటికి."

"ఓ, కొమురవ్వ ఇంటికా. పొద్దున నేనొచ్చేటప్పుడు వాళ్లింటి ముంగట మస్తు మంది ఉన్నరు."

ఎందుకున్నారని అడగలేదు. ఊళ్లో మంది ఒక ఇంటి ముందు పొద్దున్నే ఎందుకు చేరతారో నాకు తెలిసిన కారణం ఒకటే. వెనక ఎడ్లబండి వస్తే ఎక్కమన్నారు, ఎక్కలేదు. అప్పుడు మాత్రం నిజంగా ఉరికాను. ఎంత దూరమో కొలవలేదు, కోళ్లగంపాయన వెనక నుంచి ఏదో అడగడం వినిపించింది, జవాబు చెప్పలేదు.

మంది ఉన్నారు. కానీ బిందెలతో ఉన్నారు. నీళ్ల కోసం వరసలో నిలబడి ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. ఆ తిట్లు వినగానే ఉరకడం ఆపి నడిచాను. మరు నిమిషంలోనే, ఇంటి పక్కసందులోకి తిరగగానే, మోటరు వినిపించింది. కూత కాదు. విసుర్రాయి మీద ఇనుము ఈడ్చినట్టు బరువుగా, గుర్రుమని, ఆగి, మళ్లీ గుర్రుమని. దానితోపాటు మాడిన వార్నీషు వాసన. నా జన్మలో ఇంకొకరి మొహం చూడకుండా నేను విని పోల్చుకున్న మొదటి మోటరు అది. ముందు బేరింగు పోయింది, రోటరు రాస్తోంది.

కొమురక్క గద్దె మీద ఉంది. పంపు నీళ్లు వదిలేసినట్టుంది, మళ్లీ పోయడానికి ఎడమచేత్తో ఇత్తడి బిందె ఎత్తింది. కాళ్ల కింద నీళ్లు. కుడిచెయ్యి మోటరు మీదికి పోతోంది. ముట్టకు అని అరవబోయాను. ఉరికిన రొప్పుకు గాలి తప్ప మాట రాలేదు. జేబులో చెయ్యి పెడితే చేతికి తగిలింది ఆ మంచి బేరింగు. విసిరాను. అది బిందెకు తగిలి ఠంగుమంది. ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుని ఇటు తిరిగింది.

బిందెకు గురిపెట్టి కొట్టానని తర్వాత చాలా పెండ్లిళ్లలో చెప్పాను. నేను గురిపెట్టింది గోడ మీది స్విచ్చి పెట్టెకు. దానికి ఆరడుగులు ఇవతల పడింది.

"ఎవడ్రా వాడు, బిందె సొట్టబోయింది" అంటూ ఆమె చూసేసరికి నేను గోడ దగ్గరికి పోయి ఫ్యూజు పీకేశాను. మోటరు గుర్రుమంటూ ఆగిపోయింది. "నువ్వా తమ్మీ? పిచ్చి లేసిందా ఏంది నీకు?" అంది. అందరినీ గద్దె దించి, ఎవరూ ముట్టకుండా చూసుకుని, ఫ్యూజు మళ్లీ పెట్టి, టెస్టరు కొస మోటరు వీపుకు ఆనించాను. కరెంటు తగిలితే వెలిగే అందులోని చిన్న బల్బు ఆ ఎండలో కూడా ఎర్రగా వెలిగింది. కొమురక్క దాన్ని చూసింది, సొట్టపడిన బిందెను చూసింది, తన కుడిచెయ్యి చూసుకుంది. స్వరూప గుమ్మంలోకి వచ్చి ఏమైందవ్వా అంటే, "ఏం లేదు, లోపలికి పో" అని, నీళ్లకొచ్చినవాళ్లను కూడా పంపేసింది.

"గింతల్నే ఎట్ల చెడిపోయె?" అని అడిగింది అప్పుడు. కంపెనీ బేరింగు మంచిది కాదు అనబోయాను. నోటిదాకా వచ్చింది కూడా. ఆమె చెయ్యి ఇంకా అట్లాగే చాపి పట్టుకుని ఉంది. చెప్పేశాను. చెవి సంగతి, కనుబొమ్మ సంగతి, ముందుది వదిలేసి వెనకది పీకిన సంగతి, గ్రీజు, తుక్కు బేరింగు, మ్యాట్నీ, అన్నీ. ఆమె ఏడ్వలేదు, కొట్టలేదు. "కోడికూర గుడ తింటివి" అంది. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అంతకన్నా గట్టిగా తిట్టలేదు. తర్వాత కొంగు దోపుకుంటూ, "ముందుగాల పని చెయ్యి. నీళ్లకు మంది ఆగిన్రు" అంది.

ఆ రోజు రెక్కల చక్రం పీకడానికి మధ్యాహ్నం దాటింది. సెగ పెట్టి, గ్యాసునూనె పోసి, ఇంత ఇంతగా కదిపాను. లోపల ముందు బేరింగు గుండ్లు చెల్లాచెదురుగా రాలాయి. వైండింగు మీద కాగితం చినిగి వేలెడంత రాగి మెరుస్తోంది. అక్కడ కొత్త కాగితం దూర్చి వార్నీషు పూసి, ఎండకు పెట్టి, పైపుముక్క ఆనించి కొత్త బేరింగు దించాను. గద్దె పక్కన గుంత తవ్వి, ఉప్పూ బొగ్గులూ పోసి ఎర్తు తీగ వేశాను. మోటరు మళ్లీ నడిచేసరికి నీళ్లకొచ్చినవాళ్లు అడిగారు, ఏమైందని. కొమురక్క నా దిక్కు చూడకుండా చెప్పింది. "ఏదో అనుమానమొచ్చి జనగామ నుంచి ఉరికొచ్చిండు పాపం. రాకుంటె నేను లేకపోదును." అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. మిగతాది ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నేనూ అడగలేదు.

ఉస్తాద్‌కు మాత్రం నేనే చెప్పాను. సాసర్లో చాయ్ చల్లారేదాకా విన్నాడు. ఆయన వెళ్లగొట్టలేదు గానీ, వెళ్లగొడితే బాగుండు అనిపించేట్టు చూశాడు. "కనుబొమ్మ చూసినవా?" అన్నాడు. "నా చెవుల పదును పోయి ఎనిమిదేండ్లాయె. ఈ మోతలల్ల ఉంటయా చెవులు? స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకునేది అలవాటుకు. రెండో చెయ్యి యాడ పెడ్తనో చూడకపోతివి. వేలి కొసలకు తెలుస్తది నాకు." మరునాటి నుంచి నెలరోజుల పాటు నన్ను సుద్దముక్క ముట్టనివ్వలేదు. వచ్చిన ప్రతి మోటరు మీదా అరచెయ్యి పెట్టించి, కళ్లకు తువ్వాల కట్టి కూర్చోబెట్టాడు. ఇప్పుడు నా చెవులూ మందగించాయి. మొన్న మా ఇంట్లో బట్టలు ఉతికే మిషను బండలు దొర్లించినట్టు మోత పెడుతుంటే, బాగుచేసే పిల్లగాడు వచ్చి విప్పకుండానే, మొత్తం డ్రమ్మే మార్చాలె తాతా, బేరింగు విడిగ రాదు అన్నాడు. నేను మిషను వీపు మీద చెయ్యి పెట్టి చూశాను. వెనక బేరింగే. చెప్పాను, వాడు నవ్వాడు. వాడి తప్పేమీ లేదు, ఇప్పటి బేరింగులు మూసేసి వస్తాయి, ఎవరూ గ్రీజు కుక్కి మోసం చేయలేరు. పీకినదాన్ని తెచ్చి చూపించమని అడిగే అరచెయ్యి కూడా ఎవరికీ లేదు. ఏది మంచిదో నాకు తేలలేదు.

ఆదివారం దినాలకు పోయాను. బేరింగు జేబులో వేసుకునే పోయాను. వంటలు బావి దగ్గర, పాత గద్దె తీసేసి సిమెంటు చేశారు. సొట్ట బిందె అక్కడే ఉంది, నిండా నీళ్లతో. స్వరూప ఒక్కతే ఉన్నప్పుడు పక్కన కూర్చుని, మీ అవ్వకు చెప్పిన మాటే నీకూ చెప్పాలి అని మొదలుపెట్టి, ఏదీ కలపకుండా, ఏదీ తీయకుండా చెప్పాను. బేరింగు ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"అవ్వకు అప్పుడు నడుం పట్టింది మామా" అంది చివరికి, నా దిక్కు చూడకుండా. "నువ్వు బాగుచేసిపోయినంక ఆ మూడు రోజులు మోటరు నేనే ఏసిన. నీళ్లు నేనే పోసిన. ఆ నాలుగోనాడు గుడ బిందె నా చేతిలనే ఉండె. నీళ్లకొచ్చినోళ్లు ఎవలో, నిండు మనిషితోని పని చేపిస్తున్నవా కొమురవ్వా అన్నరు. గప్పుడు అవ్వ నా చేతిలకెల్లి గుంజుకున్నది. నేనట్ల లోపలికి పోయిన్నో లేదో, ఠంగుమన్నది."

 జీవితమంతా ప్రతి సంగతినీ పెంచి చెప్పినవాణ్ని, ఈ ఒక్కదాన్నీ నలభై ఏళ్లుగా ఒక్క ప్రాణం సంగతేనని తక్కువ చేసి చెబుతున్నాను. అంతలో స్వరూప పెద్దకొడుకు, ఆ చెంపలు నెరిసినవాడు, పిల్లల్ని వెంటేసుకుని వచ్చి, మా చుట్టూ చాపలు పరిచి కూర్చోబెట్టాడు. "తాతా, గాల్లకు ఎగిరిన ముచ్చట చెప్పు. వీళ్లు నమ్ముత లేరు" అన్నాడు. చిల్పూరు గుట్టకు మొక్కిన నూట ఎనిమిది కాయల్లో నేను కొట్టింది ఒక్కటేనని ఆ క్షణంలో ఎందుకో గుర్తొచ్చింది.

స్వరూప సొట్ట బిందె వంచి గ్లాసులో నీళ్లు పోసి నా చేతికిచ్చింది. "చెప్పు మామా" అంది. బేరింగు తీసుకెళ్లి పిల్లల నడుమ పెట్టింది, నేల మీద కాదు, తన కొంగు చివర మడతపెట్టి దాని మీద.

నీళ్లు తాగాను. "నేను ఎగురలేదు బిడ్డా" అని మొదలుపెట్టాను.